వాచీకి ముహూర్తం

2025 నవంబర్‌లో ఓ గురువారం మధ్యాహ్నం ఆ ఫోను వచ్చింది. "సర్, మీ వాచీ వచ్చింది. శనివారం సాయంత్రం దాకా పక్కన పెట్టి ఉంచగలం." ఈ రెండు ముక్కల కోసం ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న మనిషి వినగానే ఎగిరి గంతేయాలి. కానీ మాదాపూర్‌లోని ఆఫీసు క్యాంటీన్‌లో భోజనం ప్లేటు ముందు కూర్చున్న ఆ నలభై ఆరేళ్ల సాఫ్ట్‌వేర్ మేనేజర్ "సరే, చెబుతాను" అని మాత్రమే అనగలిగాడు. పది రోజుల కిందటే అతని బృందంలోని 22 మందిలో తొమ్మిది మందికి ఉద్వాసన పలికారు. ఆ జాబితాలో తన పేరు లేదు. తర్వాతి జాబితాలో ఉంటుందా, అసలు తర్వాతి జాబితా అంటూ ఉంటుందా అన్నది చెప్పగలిగేవాళ్లు ఆఫీసులో ఎవరూ లేరు. రావాలని కోరుకున్న జాబితాలో పేరు వచ్చింది సరిగ్గా రాకూడదనుకున్న జాబితా గురించి నిద్ర పట్టని రోజుల్లోనే.

ఆ వాచీ రోలెక్స్ జీఎంటీ మాస్టర్ టూ. డయల్ చుట్టూ సగం నీలం, సగం ఎరుపు రింగు ఉంటుంది. ఆ రంగుల వల్లే వాచీల పిచ్చి ఉన్నవాళ్లు దాన్ని ముద్దుగా 'పెప్సీ' అంటారు. 1950ల మధ్యలో పాన్ యామ్ విమాన సంస్థ పైలట్ల కోసం రూపొందిన మోడల్‌కు అది వారసురాలు. మామూలు ముళ్లతో పాటు 24 గంటలకు ఒకసారి చుట్టి వచ్చే నాలుగో ముల్లు ఒకటి ఉంటుంది. అది ఇంకో ఊరి టైము చెబుతుంది. నీలం రాత్రికి, ఎరుపు పగటికి గుర్తు. 2018లో బాసెల్‌లో జరిగిన వాచీల ప్రదర్శనలో రోలెక్స్ దాన్ని మళ్లీ స్టీలులో విడుదల చేసింది. అమెరికాలో ధర 9,250 డాలర్లు.

ఆ ఏడాది అతను రోజూ రాత్రి ఒంటిగంట దాకా న్యూజెర్సీ క్లయింటుతో మాట్లాడుతుండేవాడు. సగం జీవితం ఇక్కడి టైములో, సగం అక్కడి టైములో గడిచేది. రెండు టైములనూ ఒకే చేతి మీద మోసే వాచీ ఫోటో చూడగానే అది తన కోసమే తయారైనట్టు అనిపించింది. అందులో ఒక తిరకాసు ఉన్న సంగతి అప్పుడే తెలుసు. భారత కాలమానం గ్రీన్‌విచ్‌కు ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆ వాచీలో గంటల ముల్లు గంట చొప్పున గెంతుతుంది తప్ప అరగంట గెంతదు. నిమిషాల ముల్లు ఒక్కటే. కాబట్టి హైదరాబాద్ టైము, న్యూజెర్సీ టైము రెండూ కచ్చితంగా చూపించడం దానివల్ల కాదు. శ్రీలంక వాళ్లదీ ఇదే బాధ. ఐదు ముప్పావు గంటల తేడా ఉన్న నేపాల్ వాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రపంచమంతా తిరిగేవాళ్ల కోసం చేసిన వాచీ దక్షిణాసియాకు వచ్చేసరికి తడబడుతుంది. అయినా ప్రేమలో పడినవాడికి అరగంట ఓ లెక్కా?

అసలు లెక్క వేరే ఉంది. ఎప్పుడు కొనాలి?

షోరూముకు వెళ్లి డబ్బు కడితే చేతికొచ్చే వస్తువు కాదది. 2019 ఆగస్టులో అధీకృత డీలరు దగ్గర పేరు నమోదు చేయించుకున్నాడు. రసీదు లేదు, వరుస సంఖ్య లేదు, ఫలానా తేదీ అన్న హామీ లేదు. "వచ్చినప్పుడు చెబుతాం సర్" అన్నారు. బయటి మార్కెట్లో మాత్రం ఏ రోజు కావాలంటే ఆ రోజు దొరుకుతుంది, పైన ప్రీమియం పెట్టుకుంటే. కొత్త సినిమా మొదటి రోజు కౌంటర్లో 'హౌస్‌ఫుల్' బోర్డు, సందు చివర బ్లాకు టికెట్లు. తెలుగువాళ్లకు బాగా పరిచయమున్న వ్యాపారమే, కాకపోతే ఇక్కడ టికెట్టు లక్షల్లో ఉంటుంది.

కోవిడ్ కాలంలో ఆ ప్రీమియం కళ్లు తిరిగేలా పెరిగింది. వడ్డీలు నేలబారున ఉన్నాయి, ఇంట్లో కూర్చున్నవాళ్ల చేతుల్లో డబ్బుంది, బిట్‌కాయిన్‌లో సంపాదించినవాళ్లు వాచీల మీద పడ్డారు. 2021 జనవరిలో పటెక్ ఫిలిప్ తన నాటిలస్ 5711 మోడల్‌ను నిలిపేస్తున్నట్టు తెలియగానే మంట మరింత రాజుకుంది. అమెరికాలో దాదాపు 35,000 డాలర్ల జాబితా ధర ఉన్న ఆ స్టీలు వాచీ ఏడాది తిరిగేసరికి బయట లక్షన్నర డాలర్లు దాటింది. అదే ఏడాది డిసెంబర్‌లో టిఫనీ కోసం చేసిన 170 లేత నీలి డయల్ నాటిలస్‌లలో ఒకదాన్ని న్యూయార్క్‌లో ఫిలిప్స్ సంస్థ ధార్మిక కార్యం కోసం వేలం వేస్తే 65 లక్షల డాలర్లు పలికింది. ఇతను కోరుకున్న 'పెప్సీ' ధర కూడా బయట జాబితా ధరకు రెట్టింపు దాటింది.

సరిగ్గా అప్పుడే అతనికి తొందర పుట్టింది. ధర తక్కువున్నప్పుడు 'చూద్దాంలే' అనిపించిన వస్తువు రెట్టింపయ్యాక 'ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కొనలేం' అనిపించడం మనిషి బలహీనత. 2022 ఫిబ్రవరిలో బ్యాంకు నుంచి పర్సనల్ లోను మంజూరు కూడా చేయించుకున్నాడు. మాట్లాడుకున్న అమ్మకందారుడు చివరి నిమిషంలో ఇంకో యాభై వేలు అడగడంతో పంతానికి పోయి మానేశాడు. మార్చిలో అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీ రేట్లు పెంచడం మొదలుపెట్టింది. క్రిప్టో కుప్పకూలింది. వేసవి నాటికి వాచీల ధరలు జారడం మొదలై ఆ తర్వాతి ఏడాదంతా జారుతూనే ఉన్నాయి. అతన్ని కాపాడింది తెలివితేటలు కావు, యాభై వేల దగ్గర పుట్టిన పంతం.

2023లో ఆఫీసు పని మీద దుబాయ్ వెళ్లినప్పుడు ఇంకో ఆశ కలిగింది. అక్కడ ఓ దుకాణంలో వాడిన 'పెప్సీ' ఉంది. "చేతికి పెట్టుకుని నడిచి వెళ్లిపోండి, ఎవరు చూస్తారు?" అన్నాడు అమ్మేవాడు. విదేశాల్లో కొన్న వస్తువుల విలువ అప్పటి పరిమితి 50,000 రూపాయలు దాటితే ఆ పైమొత్తం మీద సర్‌ఛార్జీతో కలిపి 38.5 శాతం సుంకం కట్టాలి. కట్టకుండా దొరికితే వాచీ పోతుంది, పరువూ పోతుంది. శంషాబాద్‌లో గ్రీన్ ఛానల్ ముందు ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని నడుస్తున్న తనను తాను ఊహించుకుని దుకాణంలోంచి బయటికొచ్చేశాడు. టైము చూసుకోవడానికి కొన్న వాచీని దాచుకుంటూ తిరగడమేమిటన్నది ఆనాటి ఆలోచన.

తర్వాత ఒప్పందం కబురు వచ్చింది. స్విట్జర్లాండ్ సహా నాలుగు ఐరోపా దేశాల కూటమితో భారత్ 2024 మార్చిలో కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. స్విస్ వాచీల మీద 20 శాతంగా ఉన్న దిగుమతి సుంకాన్ని ఏడేళ్లలో దశలవారీగా తీసేస్తారు. అంటే ఆగాలా? కాగితం మీద అలాగే అనిపిస్తుంది. కానీ 2018 ఆరంభంలో 70 రూపాయల లోపున్న స్విస్ ఫ్రాంక్ 2025 చివరికి 110 దాటింది. సుంకం ఏడాదికి కొన్ని శాతాలు తగ్గుతుంటే, ఫ్రాంక్ అంతకంటే వేగంగా పెరగగలదు. కంపెనీలు ఏటా ధరలు సవరిస్తాయి. దానికి తోడు 2025 ఏప్రిల్ నుంచి పది లక్షలు దాటిన చేతి గడియారాల మీద అమ్మేటప్పుడే ఒక శాతం పన్ను వసూలు చేస్తున్నారు. అది తర్వాత ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది, కానీ ఆ రోజు జేబులోంచి తీయాల్సిందే. సుంకం తగ్గేదాకా ఆగినవాడు లాభపడతాడా, నష్టపోతాడా అన్నది ఏ జ్యోతిష్కుడూ చెప్పలేడు.

ఇదంతా అతనికి కంఠతా వచ్చు. రోజూ రాత్రి పడుకునే ముందు ధరలు చూడటం అలవాటైంది. గురువారం ఫోను వచ్చాక ఆ లెక్కలన్నీ ఇంకోసారి వేశాడు. షోరూములో ధర పన్నులతో కలిపి పది లక్షలు దాటింది. బయట ఇంకా ప్రీమియం ఉంది. కొని, కవరు విప్పకుండా అమ్మినా కొన్ని లక్షలు మిగులుతాయి. ఉద్యోగం ఊగిసలాడుతున్న వేళ కొన్ని లక్షలంటే చిన్న మాట కాదు. అలాగని కొని దాచుకుని, తీరా ఉద్యోగం పోతే? ఆ పది లక్షలు ఇంటి లోను వాయిదాలు, ఇంజనీరింగ్ రెండో ఏడాది చదువుతున్న కూతురి ఫీజు కలిపి దాదాపు ఏడాది ఖర్చు.

శుక్రవారం రాత్రి భార్యతో చెప్పాడు. బ్యాంకులో పనిచేసే ఆమె ఇలాంటి లెక్కలు రోజూ చూస్తుంది. "కొనుక్కోండి, ఆరేళ్ల నుంచి అనుకుంటున్నారు. ఏదోలా సర్దుకుందాం. కానీ కొన్నాక కూడా రోజూ రాత్రి రేటు చూసుకుంటూ కూర్చుంటానంటే మాత్రం వద్దు" అంది.

తర్వాత తెనాలికి ఫోను చేశాడు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరైన తండ్రికి 75 ఏళ్లు. వాచీల కోసం, బండ్ల కోసం ఎదురుచూడటంలో ఆయనది కొడుకు కంటే పెద్ద అనుభవం. 1974లో పెళ్లిలో అలకపాన్పు మీద కూర్చుని ఆయన అడిగింది హెచ్ఎంటీ వాచీ. 1961లో జపాన్ సిటిజన్ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ ప్రభుత్వ రంగ వాచీకి అప్పట్లో దుకాణానికి వెళ్లగానే దొరికే అలవాటు లేదు. మామగారు సరేనన్నారు గానీ, బెంగళూరులో తెలిసినవాళ్ల ద్వారా అది చేతికొచ్చేసరికి ఐదు నెలలు పట్టింది. ఇక బజాజ్ చేతక్ స్కూటర్ కోసం ఆయన డిపాజిట్ కట్టింది 1979లో, కొడుకు పుట్టిన ఏడాది. అది వచ్చింది 1987లో, కొడుకు మూడో తరగతిలో ఉండగా. లైసెన్సుల రాజ్యంలో ఎన్ని స్కూటర్లు తయారు చేయాలో ఫ్యాక్టరీ కాదు, ఢిల్లీ నిర్ణయించేది.

ఇప్పుడు ఢిల్లీ అడ్డు లేదు. రోలెక్స్ ఏటా పది లక్షలకు పైగా వాచీలు చేస్తుందని విశ్లేషకుల అంచనా. కొరత తమ వ్యూహం కాదని, నాణ్యత తగ్గించకుండా అంతకంటే ఎక్కువ చేయలేమని 2021లో కంపెనీ చెప్పుకుంది. స్విట్జర్లాండ్‌లోని బుల్‌లో 2029 నాటికి కొత్త ఫ్యాక్టరీ కడతామని కూడా ప్రకటించింది. కారణం ఏదైనా వరుసలో నిలబడ్డవాడికి తేడా తెలియదు. ఆనాటి వరుసను జనం తిట్టుకుంటూ నిలబడ్డారు. ఈనాటి వరుసలో పేరుండటమే ఓ హోదా. మార్కెట్టు సాధించిన గొప్ప విజయం అదే కావచ్చు.

చేతక్ అలాట్‌మెంట్ కాగితం వచ్చిన రోజున ఓ ధాన్యం వ్యాపారి ఇంటికొచ్చి ఆ కాగితానికి ప్రీమియం ఇస్తానన్నాడు. మాస్టారి జీతం చొప్పున అది నెలల సంపాదన. "అమ్మేయండి బావగారూ, మళ్లీ బుక్ చేసుకోవచ్చు" అని బావమరిది పోరాడు. ఆయన అమ్మలేదు. స్కూటరు తెచ్చుకుని పంతొమ్మిదేళ్లు నడిపారు. కొడుకు మనసులో ఆ కథ 'నాన్న లాభానికి లొంగలేదు' అన్న నీతికథగా స్థిరపడిపోయింది.

శుక్రవారం రాత్రి ఫోనులో తండ్రి దాన్ని సరిచేశారు. "నీతీ లేదు, గీతీ లేదురా. నాకు స్కూటరు కావాలి. పొద్దున్నే తొమ్మిది కిలోమీటర్లు సైకిలు తొక్కుకుంటూ బడికెళ్లేవాణ్ణి. డబ్బే అవసరమైతే కాగితం అమ్మేసేవాణ్ణి. నీకు వాచీ కావాలా, డబ్బు కావాలా? అది తేలిస్తే ఎప్పుడు కొనాలన్నది దానంతటదే తేలుతుంది." కాసేపాగి ఇంకో మాట అన్నారు. "అమ్మడానికి కొంటే కొను, తప్పేం లేదు. కానీ పెట్టుకుంటానని వాళ్లకు చెప్పి కొని అమ్మకు."

శనివారం నాలుగు గంటలకు షోరూముకు వెళ్లాడు. విజయవాడ కుర్రాడొకడు తెల్ల గ్లవుజులు వేసుకుని ట్రే తెచ్చి ముందు పెట్టాడు. "మీ కోసమే కదా సర్?" అని నవ్వుతూ అడిగాడు. అది మర్యాద ప్రశ్న కాదు. తిరిగి అమ్మేవాళ్లను వడపోసే ప్రశ్న. వాచీ చేతికి పెట్టాడు. ఫోటోల్లో కంటే బాగుంది. చల్లగా, బరువుగా, ఎక్కడా గీత లేకుండా ఉంది. నాలుగూ పది అయింది. న్యూజెర్సీలో తెల్లవారుజాము ఐదూ నలభై. కుర్రాడు నాలుగో ముల్లును ఐదు దాటించి పెట్టాడు. నిమిషాల ముల్లు పది దగ్గరుంది. "అరగంట కలుపుకోవాలి సర్. అలవాటైపోతుంది" అన్నాడు.

ఏడేళ్లుగా తెలిసిన విషయమే. కానీ కాగితం మీద చదవడం వేరు, చేతి మీద చూడటం వేరు. ఆ క్షణంలో అతనికి ఇంకోటి కూడా తట్టింది. న్యూజెర్సీ క్లయింటు పని మానేసి మూడేళ్లయింది. రాత్రి కాల్స్ లేవు. రెండో టైము అవసరమైన మనిషి ఇప్పుడు లేడు. 2018లో కోరుకున్నవాడి తరఫున 2025లో డబ్బు కట్టడానికి వచ్చాడు. ఈ ఆరేళ్లూ కోరికను బతికించింది వాచీ కాదు, వరుస. పైపెచ్చు 'ఇది రేపు సగం ధరకు పడిపోతే?' అని అడుగుకుంటే కడుపులో తిప్పింది. సగానికి పడినా ఫరవాలేదని పెట్టుకోగలిగినవాడికి ఏ రోజైనా మంచి రోజే. తనకు ఈ నవంబర్‌లో ఏ రోజూ మంచి రోజు కాదు.

ఇక మిగిలింది కొని అమ్మడం. ఆ కుర్రాడి ముఖం చూసి "నా కోసమే" అని అబద్ధం చెప్పాలి. తండ్రి కాదన్నది ఆ ఒక్క పనినే. వాచీ తీసి ట్రేలో పెట్టి, ఈసారికి వదిలేస్తున్నానన్నాడు. "మళ్లీ లిస్టులో మొదటి నుంచి సర్" అన్నాడు కుర్రాడు, కొంచెం నొచ్చుకుంటూ. లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి వెనకాల అతను వేరే ఎవరికో ఫోను చేస్తున్న గొంతు వినిపించింది.

ఆ తర్వాతి జాబితాలో అతని పేరు రాలేదు. ఉద్యోగం నిలిచింది. డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంది. అంటే వాచీ వదులుకుని పొరపాటు చేశాడా? ఆఫీసులో ఇద్దరు ముగ్గురు అలాగే అన్నారు. ఒక నిర్ణయాన్ని ఆ రోజున తెలిసినవాటితో కొలవాలి తప్ప తర్వాత తెలిసినవాటితో కాదు. వాచీల చరిత్రలో పెద్ద లాభాలు వచ్చిన కథలు చాలావరకు లాభం కోసం కొన్నవాళ్లవి కావు. 2017 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో 1.77 కోట్ల డాలర్లు పలికిన రోలెక్స్ డేటోనా హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌ది. కారు పందాలాడే భర్తకు జాగ్రత్త చెబుతూ వెనక అక్షరాలు చెక్కించి భార్య జోన్ వుడ్‌వర్డ్ ఇచ్చిన కానుక. అది కొన్న రోజుల్లో డేటోనాలు దుకాణాల్లో సరిగా అమ్ముడుపోయేవి కావు. న్యూమన్ దాన్ని ఏళ్ల తరబడి పెట్టుకుని, 1984లో కూతురి స్నేహితుడి దగ్గర వాచీ లేదని తీసి ఇచ్చేశాడు. దానికి ముహూర్తం ఎవరూ చూడలేదు.

ఇంకెప్పుడూ కొననని అతను ఒట్టు పెట్టుకోలేదు. కూతురి చదువు అయ్యాక, ఇంటి అప్పు తీరాక, అప్పటికీ కావాలనిపిస్తే కొంటాడట. కొత్తదే కానక్కర్లేదు. 2022 చివర్లో రోలెక్స్ తానే ధ్రువీకరించిన పాత వాచీల అమ్మకం మొదలుపెట్టింది. అందులో వరుస ఉండదు, ధర మాత్రం తక్కువేం కాదు. నచ్చితే ఆ రోజున పెట్టుకుని బయటికొస్తాడు.

ఈలోగా ఒక లెక్క మాత్రం తేల్చాడు. ధరలు చూడటానికి రాత్రికి ఇరవై నిమిషాలు చొప్పున ఆరేళ్లు. మొత్తం 730 గంటలు. అంటే పగలూ రాత్రీ కలిపి నెల రోజులు. కొనని వాచీ తీసుకున్న టైము అది. ఆ సంగతి చెబితే తెనాలిలో లెక్కల మాస్టారు ఫోనులోనే నవ్వి, "లీపు సంవత్సరం కలిపావా?" అని అడిగారు.